3 ఐటమ్‌ల బిల్లు కస్టమ్ రిపోర్ట్‌లో 10 వరుసలుగా వస్తోంది, బిల్ నంబర్ల క్రమం కూడా తప్పుతోంది

పటమట_కౌంటర్

నమస్కారమండీ. విజయవాడ పటమటలో ఒకటి, గుంటూరు బ్రాడీపేటలో ఒకటి, రెండు కిరాణా సూపర్‌మార్కెట్ల బిల్లింగ్ ఒకే డేటాబేస్‌లోకి వస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2019 ఎక్స్‌ప్రెస్. సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన డే క్లోజ్ రిపోర్ట్ (రోజు చివరి మొత్తాలు) సరిగ్గానే ఉంటుంది. క్రిస్టల్ రిపోర్ట్స్ అనే రిపోర్టుల సాఫ్ట్‌వేర్‌లో విడిగా చేయించుకున్న ఐటమ్‌వారీ అమ్మకాల రిపోర్టే తేడా కొడుతోంది.

రిపోర్ట్ వెనక ఒక వ్యూ (డేటాబేస్‌లో సేవ్ చేసి పెట్టిన క్వెరీ) ఉంది. బిల్ హెడర్‌కి (బిల్లుకి ఒక వరుస ఉండే టేబుల్) బిల్ లైన్లు (ఐటమ్‌కి ఒక వరుస), పేమెంట్లు రెండూ బిల్ ఐడీ మీద జాయిన్ అయ్యాయి. లైన్లకి ఐటమ్ మాస్టర్, ట్యాక్స్ టేబుల్ ఐటమ్ కోడ్ మీద జాయిన్ అయ్యాయి. అన్నీ ఇన్నర్ జాయిన్లే, అంటే రెండు వైపులా జత దొరికిన వరుసలే వస్తాయి.

మచ్చుకి ఒక బిల్లు: వీజే/25-26/1042, తేదీ 6 అక్టోబర్ 2025. కందిపప్పు కిలో 160, నెయ్యి అర లీటరు 340, సబ్బుల ప్యాక్ 150. మొత్తం 650 రూపాయలు. కట్టింది 200 నగదు, 450 యూపీఐ. రిపోర్ట్‌లో కందిపప్పు 2 సార్లు, నెయ్యి 4 సార్లు, సబ్బులు 4 సార్లు వస్తున్నాయి. మొత్తం 10 వరుసలు, కింద కూడిక 2,280.

ఇంకో సంగతి. ఆగస్టు రిపోర్ట్‌ని సెప్టెంబర్ మొదట్లో తీసినప్పుడు డే క్లోజ్‌తో తేడా కొద్దిగానే ఉంది. అదే ఆగస్టుని ఇప్పుడు తీస్తే తేడా చాలా ఎక్కువ. ఆగస్టు బిల్లులను ఎవరూ ముట్టుకోలేదు.

రెండో సమస్య క్రమం. బిల్లులు 1, 10, 100, 1000, 1001 అంటూ వస్తున్నాయి, 2 ఎక్కడో కింద ఉంటుంది. తేదీలు 01-09, 01-10, 02-09, 02-10 అని రెండు నెలలూ కలిసిపోతున్నాయి. వ్యూలో టాప్ 100 పర్సెంట్ పెట్టి ఆర్డర్ బై రాసి ఉంది, అయినా అంతే.

ఇప్పటిదాకా చేసి చూసినవి: క్రిస్టల్‌లో డేటాబేస్ మెనూలోని సెలెక్ట్ డిస్టింక్ట్ రికార్డ్స్ (అచ్చంగా ఒకేలా ఉన్న వరుసల్లో ఒకదాన్నే ఉంచేది) టిక్ పెడితే ఏమీ మారలేదు. సప్రెస్ ఇఫ్ డూప్లికేటెడ్ పెడితే కంటికి శుభ్రంగా ఉంది గానీ కూడిక మాత్రం 2,280 దగ్గరే ఉంది. వ్యూలోనే డిస్టింక్ట్ రాసెయ్యమంటారా? 11వ తేదీలోపు జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల జీఎస్టీ రిటర్న్) వెయ్యాలి, ఈలోపు రెండు లెక్కలూ కలవాలి.

—

అరండల్‌పేట_రిపోర్ట్స్

10 అనే అంకెలోనే జవాబు ఉందండీ. డేటా పాడవలేదు, జాయిన్ గుణిస్తోంది. అదీ రెండు చోట్ల.

మొదటిది పేమెంట్లు. లైన్లూ పేమెంట్లూ రెండూ బిల్ ఐడీకే వేలాడుతున్నాయి గానీ వాటి మధ్య నేరుగా ఏ సంబంధమూ లేదు. అందుకే ప్రతి లైనూ ప్రతి పేమెంట్‌తోనూ జత కడుతుంది. నగదు ఒకటి, యూపీఐ ఒకటి కాబట్టి కందిపప్పు 2 సార్లు వచ్చింది. నెయ్యి, సబ్బులు 4 సార్లు వచ్చాయంటే ఆ రెండు ఐటమ్‌లకీ ఇంకొక రెండింతలు వేరే ఎక్కడో పడుతోంది. మీరు చెప్పిన టేబుళ్లలో ఆ పని చేయగలిగింది ట్యాక్స్ టేబుల్ ఒక్కటే. కందిపప్పుకి ఒక రేటు, మిగతా రెండింటికీ రెండేసి రేట్లు: 1+2+2 కలిపి 5, దానికి రెండు పేమెంట్లు, 10.

నా మాట మీద కాకుండా మీరే చూసుకోండి. వ్యూలోని క్వెరీని కాపీ చేసుకుని, ఈ ఒక్క బిల్ ఐడీకి వేర్ (ఫిల్టర్ షరతు) పెట్టి, జాయిన్లన్నీ తీసేసి ఒక్కొక్కటే కలుపుతూ వరుసలు లెక్కపెట్టండి. హెడర్ ఒక్కటే ఉంటే 1. లైన్లు కలిపితే 3. ఐటమ్ మాస్టర్ కలిపినా 3 ఉండాలి. ట్యాక్స్ కలిపితే 5 అవుతుంది. పేమెంట్లు కలిపితే 10. ఐటమ్‌వారీ రిపోర్ట్‌లో లైన్లు కలిపాక ఆ 3 మళ్లీ మారకూడదు. ఎక్కడ మారితే అక్కడ తప్పు. ఏ రిపోర్ట్‌కైనా ఇదే పరీక్ష, పది నిమిషాల పని.

డిస్టింక్ట్ మాత్రం వద్దు. క్రిస్టల్‌లో టిక్ పెడితే ఏమీ మారకపోవడానికి కారణం, ఆ 10 వరుసలూ నిజంగానే వేర్వేరు: ఒకదానిలో నగదు, ఇంకోదానిలో యూపీఐ, ఒకదానిలో 5 శాతం, ఇంకోదానిలో 18. ఆ కాలమ్స్ తీసేసి డిస్టింక్ట్ పెడితే 3 వరుసలే వస్తాయి, బాగుపడినట్టే ఉంటుంది. కానీ ఒకే పాల ప్యాకెట్‌ని కౌంటర్‌లో రెండుసార్లు విడివిడిగా స్కాన్ చేసిన బిల్లుంటుంది చూడండి, రెండు లైన్లలోనూ అదే ఐటమ్, అదే పరిమాణం, అదే ధర. డిస్టింక్ట్ ఆ రెండింటినీ ఒకటి చేసేస్తుంది. ఇప్పుడు ఎక్కువ చూపిస్తున్న రిపోర్ట్ అప్పుడు తక్కువ చూపిస్తుంది. ఎక్కువైతే ఎవరో ఒకరు గమనిస్తారు. పాతిక, ముప్పై రూపాయల చొప్పున తగ్గితే నెలల తరబడి ఎవరికీ తెలియదు. సమ్ డిస్టింక్ట్ ఇంకా ప్రమాదం: ఒకే బిల్లులో 150 రూపాయల ఐటమ్‌లు రెండుంటే ఒక్కటే లెక్కలోకి వస్తుంది.

సప్రెస్ ఇఫ్ డూప్లికేటెడ్ అక్షరాలను దాస్తుందంతే, విలువ వరుసలోనే ఉంటుంది కాబట్టి సమ్ దాన్ని కలుపుకుంటుంది.

పేమెంట్లకి చేయాల్సింది: పేమెంట్ టేబుల్‌ని ముందే బిల్ ఐడీ మీద గ్రూప్ బై చేసి బిల్లుకి ఒక్క వరుసగా మార్చండి. నగదుకి ఒక కాలమ్, యూపీఐకి ఒకటి, కార్డుకి ఒకటి. ఒక్కోదానిలో సమ్ లోపల కేస్ వెన్ పెట్టి ఆ పద్ధతి మొత్తాన్ని తీసుకోవాలి. ఈ సబ్‌క్వెరీని హెడర్‌కి లెఫ్ట్ జాయిన్ (జత లేకపోయినా హెడర్ వరుస ఉండిపోయేది) చెయ్యండి. ఇన్నర్ అయితే అరువు బిల్లులు రిపోర్ట్‌లోంచి మాయమవుతాయి, వాటికి పేమెంట్ వరుసే ఉండదు కదా. ఇప్పుడు మీ రిపోర్ట్‌లో అవి లేవనే అనుకుంటున్నాను, ఖాతా కస్టమర్ల బిల్లు ఒకటి పెట్టి చూడండి. ఇంకో జాగ్రత్త, పేమెంట్ రకం మీద షరతు ఏదైనా ఉంటే సబ్‌క్వెరీ లోపలే రాయండి. బయట వేర్‌లో రాస్తే లెఫ్ట్ జాయిన్ కాస్తా మళ్లీ ఇన్నర్ లాగే పనిచేస్తుంది.

ఇంత చేసినా బిల్లులోని 3 లైన్ల పక్కనా 200 నగదు మూడుసార్లు కనిపిస్తుంది. అది తప్పు కాదు, కానీ దాన్ని మామూలు సమ్‌తో కూడితే 600 వస్తుంది. క్రిస్టల్‌లో బిల్ ఐడీ మీద గ్రూప్ పెట్టి, నగదు కాలమ్‌కి రన్నింగ్ టోటల్ తీసుకోండి: రకం సమ్, ఎవాల్యుయేట్ దగ్గర ఆన్ చేంజ్ ఆఫ్ గ్రూప్ ఎంచుకుని బిల్ గ్రూప్ చూపించండి, రీసెట్ నెవర్. అప్పుడు బిల్లుకి ఒక్కసారే కలుస్తుంది. దాన్ని రిపోర్ట్ ఫుటర్‌లో పెట్టాలి, హెడర్‌లో పెడితే అప్పటికింకా కూడిక పూర్తి కాదు.

—

ఒన్‌టౌన్_బిల్లింగ్

పేమెంట్లను మెయిన్ క్వెరీలోంచి పూర్తిగా తీసేసి, బిల్ ఫుటర్‌లో సబ్‌రిపోర్ట్ (రిపోర్ట్ లోపల ఇంకో చిన్న రిపోర్ట్) పెట్టొచ్చు కదండీ? బిల్ ఐడీతో లింక్ చేస్తే నగదు 200, యూపీఐ 450 అని విడిగా రెండు లైన్లు వస్తాయి. వ్యూ మార్చే పనే ఉండదు.

—

అరండల్‌పేట_రిపోర్ట్స్

ఒక రోజు రిపోర్ట్‌కైతే సరిపోతుందండీ. నెల రిపోర్ట్‌కి వద్దంటాను. సబ్‌రిపోర్ట్ ప్రతి బిల్లుకీ విడిగా సర్వర్‌ని అడుగుతుంది. రోజుకు 250 బిల్లులనుకున్నా నెలకు 7,500 క్వెరీలు, అదీ కౌంటర్లు బిల్లులు కొడుతున్న మెషిన్ మీదే. పైగా సబ్‌రిపోర్ట్‌లోని మొత్తం మెయిన్ రిపోర్ట్ కూడికలోకి రావాలంటే షేర్డ్ వేరియబుల్స్ రాయాలి, ఎక్సెల్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేస్తే కాలమ్స్ అటూ ఇటూ జరుగుతాయి.

సబ్బుల అమ్మకంలో యూపీఐ వాటా ఎంత అని ఎవరైనా అడిగితే రెండు పద్ధతులూ చాలవు. మొత్తాన్ని లైన్లకి దామాషాలో పంచాలి. ఈ బిల్లులో యూపీఐ 450ని 650లో భాగంగా తీసుకుంటే కందిపప్పుకి 110.77, నెయ్యికి 235.38, సబ్బులకి 103.85. ఇక్కడ సరిగ్గా 450 అయింది. కొన్ని బిల్లుల్లో పైసా రెండు పైసలు మిగులుతాయి, వాటిని ఆ బిల్లులో పెద్ద లైనుకి కలపండి.

—

బ్రాడీపేట_ట్యాక్స్

ట్యాక్స్ దగ్గర రెండేసి వరుసలు ఎందుకున్నాయో ఐటమ్‌లు చూస్తేనే తెలిసిపోతోంది. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ రేట్లు మారాయి. నెయ్యి 12 నుంచి 5కి వచ్చింది, సబ్బులు 18 నుంచి 5కి. ప్యాక్ చేసి లేబుల్ వేసిన కందిపప్పు అంతకుముందూ 5, ఇప్పుడూ 5. అందుకే దానికి కొత్త వరుస ఎవరూ ఎక్కించలేదు. మిగతా వాటికి కొత్త రేటు ఎక్కించారు గానీ పాత వరుసకి ముగింపు తేదీ వెయ్యలేదు. లేదా వేసినా మీ జాయిన్ తేదీని చూడటం లేదు, ఐటమ్ కోడ్ ఒక్కటే చూస్తోంది.

మీ ఆగస్టు ప్రశ్నకి జవాబు కూడా ఇదే. సెప్టెంబర్ మొదట్లో ట్యాక్స్ టేబుల్‌లో ఐటమ్‌కి ఒక్క వరుసే ఉంది కాబట్టి తేడా రెండు రకాలుగా కట్టిన బిల్లుల వల్ల వచ్చినంతే. ఇప్పుడు ఆగస్టు లైన్లు కూడా రెండు రేట్లతోనూ జత కడుతున్నాయి.

సరిచేసే పద్ధతుల్లో మొదటి ఎంపిక: ట్యాక్స్ టేబుల్‌ని ఈ రిపోర్ట్‌లోంచి తీసెయ్యడం. బిల్ లైన్ల టేబుల్‌లో ఆ రోజు వేసిన రేటు కాలమ్ ఉందేమో చూడండి, చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంటుంది. కస్టమర్ చేతిలో ఉన్న బిల్లు మీద ఏ రేటు పడిందో అదే రిపోర్ట్‌లో రావాలి. మాస్టర్‌లో ఇవాళ ఉన్న రేటుతో ఆ బిల్లుకి పని లేదు. 22న ఉదయం మాస్టర్ మార్చేలోపు పాత రేటుతో పోయిన బిల్లులు ఏమైనా ఉంటే అవి కూడా లైన్లోని రేటుతోనే బయటపడతాయి, తేదీ జాయిన్ వాటిని దాచేస్తుంది.

లైన్లో ట్యాక్స్ మొత్తం మాత్రమే ఉండి శాతం లేకపోతే, భాగించి శాతం తీయకండి. చిన్న మొత్తాల్లో పైసల సవరణ వల్ల 4.98, 5.03 లాంటివి వచ్చి రేటువారీ గ్రూపులు ముక్కలవుతాయి. అప్పుడు తేదీ జాయినే దారి. ట్యాక్స్ వరుస మొదలు తేదీ బిల్లు తేదీకి సమానమో ముందో అయి ఉండాలి, ముగింపు తేదీ ఖాళీగా ఉండాలి లేదా బిల్లు తేదీకి సమానమో తర్వాతో అయి ఉండాలి. పాత వరుసకి ముగింపు 2025-09-21, కొత్త వరుసకి మొదలు 2025-09-22.

ఇక్కడ చాలామంది జారేది సమయం దగ్గర. బిల్లు తేదీలో గంటలూ నిమిషాలూ ఉంటే, 21వ తేదీ ఉదయం 11 గంటల బిల్లు 2025-09-21 అర్ధరాత్రి 00:00 కన్నా తర్వాతిది అవుతుంది, కాబట్టి పాత రేటుకి అందదు. కొత్త రేటు ఇంకా మొదలవలేదు. ఇన్నర్ జాయిన్ అయితే 21వ తేదీ నెయ్యి, సబ్బుల అమ్మకాలు మొత్తం ఎగిరిపోతాయి. బిల్లు తేదీని డేట్‌గా క్యాస్ట్ చేసి (సమయం తీసేసి ఉత్త తేదీగా మార్చి) పోల్చండి.

మార్చాక ఒక్కసారి ట్యాక్స్ టేబుల్‌ని ఐటమ్ కోడ్ మీద గ్రూప్ చేసి, ముగింపు తేదీ ఖాళీగా ఉన్నవి ఒకటి కన్నా ఎక్కువున్న ఐటమ్‌లను తీయండి. జాబితా ఖాళీగా రావాలి. ఒక్కటి మిగిలినా ఆ ఐటమ్ రెట్టింపవుతూనే ఉంటుంది.

పాత రేటు వరుసను డిలీట్ చెయ్యొద్దు, దానిలోనే 18ని 5గా మార్చొద్దు. వరుసలు తగ్గుతాయి నిజమే, కానీ ఆగస్టు సబ్బులు 5 శాతంలో పడతాయి, అప్పటికే వేసిన రిటర్న్‌తో కలవదు. అలాగే 22కి ముందు అమ్మిన సరుకు ఆ తర్వాత వాపసు వస్తే, క్రెడిట్ నోట్ అసలు బిల్లు రేటుతోనే ఉండాలి. వాపసు లైన్లకి జాయిన్ వాపసు తేదీతో కాదు, అసలు బిల్లు తేదీతో పెట్టండి.

—

కృష్ణలంక_డీబీ

క్రమం సంగతి నేను చెప్తాను.

వ్యూలోని ఆర్డర్ బైని మర్చిపోండి. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2005 నుంచి టాప్ 100 పర్సెంట్‌ని ఆప్టిమైజర్ (క్వెరీని ఎలా నడపాలో నిర్ణయించే భాగం) పక్కన పెట్టేస్తుంది. అది ఉండటం వల్ల ఎర్రర్ రాకుండా వ్యూ సేవ్ అవుతుంది, అంతకు మించి ఏమీ లేదు. క్రమానికి హామీ అన్నిటికన్నా బయట ఉన్న సెలెక్ట్‌కి రాసిన ఆర్డర్ బై ఒక్కటే. మీ విషయంలో అది కూడా చాలదు, ఎందుకంటే క్రిస్టల్‌లో గ్రూప్ ఉంటే ముందు గ్రూప్ ఫీల్డ్ ప్రకారం సర్దుతుంది, రికార్డ్ సార్ట్ ఆ గ్రూప్ లోపల మాత్రమే పనిచేస్తుంది. కాబట్టి సరైన కీలు వ్యూలో కాలమ్స్‌గా ఇచ్చి, క్రమం క్రిస్టల్‌లో పెట్టండి.

బిల్ నంబర్ టెక్స్ట్ కాబట్టి అక్షరం అక్షరం పోలుస్తుంది. 10లో మొదటి అక్షరం 1, అది 2 కన్నా ముందు. చివరి స్లాష్ తర్వాత ఉన్న సంఖ్యను విడదీసి పూర్ణాంకంగా ఒక కాలమ్ చెయ్యాలి. చేసే విధానం: బిల్ నంబర్ ముందు ఒక స్లాష్ అతికించి, రివర్స్ చేసి, చార్‌ఇండెక్స్‌తో అందులో మొదటి స్లాష్ ఎక్కడుందో చూసి, ఒకటి తగ్గించండి. అసలు బిల్ నంబర్ నుంచి రైట్ ఫంక్షన్‌తో అన్ని అక్షరాలు తీసుకుని ట్రై_క్యాస్ట్‌తో ఇంట్ చెయ్యండి. ముందు స్లాష్ అతికించడం ఎందుకంటే, స్లాష్ లేని పాత బిల్ నంబర్ ఒక్కటి ఉన్నా చార్‌ఇండెక్స్ సున్నా ఇస్తుంది, ఒకటి తగ్గిస్తే మైనస్ ఒకటి, రైట్ ఫంక్షన్ అక్కడే ఎర్రర్ ఇచ్చి రిపోర్ట్ మొత్తం ఆగిపోతుంది. మామూలు క్యాస్ట్ కాకుండా ట్రై_క్యాస్ట్ కూడా అందుకే. 1042-ఎ లాంటి నంబర్ ఉంటే అది నల్ (ఖాళీ విలువ) ఇస్తుంది, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఆరోహణ క్రమంలో నల్స్ అన్నిటికన్నా పైకి వస్తాయి. మొదటి పేజీ పైన వింత నంబర్లు కనిపిస్తే కారణం అది.

ఈ ఒక్క సంఖ్యతోనే సార్ట్ చేస్తే మళ్లీ చిక్కే. విజయవాడ 1042, గుంటూరు 1042 పక్కపక్కనే వస్తాయి. ఏప్రిల్ 1న సంఖ్య మళ్లీ 1 నుంచి మొదలవుతుంది కాబట్టి మార్చి, ఏప్రిల్ కలిపి తీసే రిపోర్ట్‌లో కొత్త బిల్లులు పాతవాటి ముందుకెళ్తాయి. జీఎస్టీ నిబంధన ప్రకారం బిల్ నంబర్ ఆర్థిక సంవత్సరం లోపల ఒక్కటే ఉండాలి, 16 అక్షరాలు దాటకూడదు. తర్వాతి సంవత్సరం అదే సంఖ్య మళ్లీ రావచ్చు. అందుకని క్రమం: షాపు, ఆర్థిక సంవత్సరం, సంఖ్య, లైన్ నంబర్. చివర లైన్ నంబర్ తప్పనిసరి. పై మూడూ సమానమైనప్పుడు ఏది ముందో సర్వర్ ఇష్టం, ఇవాళ ఒకలా రేపు ఒకలా వస్తుంది. పేజీలుగా విడగొట్టి చూపించే వెబ్ రిపోర్టుల్లో ఇదే కారణంగా ఒక వరుస రెండు పేజీల్లో కనిపించి, ఇంకొకటి ఏ పేజీలోనూ కనిపించదు. డూప్లికేట్ అనుకుని జాయిన్లు వెతుక్కుంటారు, తప్పేమో సార్ట్‌లో ఉంటుంది.

క్రిస్టల్‌లో గ్రూప్ ఫీల్డ్‌గా ఆ సంఖ్య కాలమ్‌ని పెట్టండి, దానికి పైన షాపు, సంవత్సరం గ్రూపులు. గ్రూప్ ఆప్షన్స్‌లో కస్టమైజ్ గ్రూప్ నేమ్ ఫీల్డ్ దగ్గర పూర్తి బిల్ నంబర్ ఎంచుకుంటే సర్దేది సంఖ్యతో, ప్రింట్ అయ్యేది వీజే/25-26/1042 అని. పైన చెప్పిన రన్నింగ్ టోటల్ కూడా ఈ గ్రూప్‌కే తగిలించండి, బిల్ ఐడీకి వేరే గ్రూప్ అక్కర్లేదు. వ్యూలో కొత్త కాలమ్స్ కలిపాక వెరిఫై డేటాబేస్ కొట్టకపోతే అవి కనిపించవు. రిపోర్ట్‌తో డేటా సేవ్ చేసే టిక్ ఉంటే తీసెయ్యండి, లేకపోతే పాత వరుసలనే చూస్తూ మార్పు పనిచేయలేదనుకుంటారు.

తేదీ మీద కన్వర్ట్ 105 ఉండి ఉంటుంది, అది తేదీని టెక్స్ట్ చేస్తుంది. వ్యూలోంచి తేదీని తేదీగానే పంపండి, రోజు-నెల-సంవత్సరం రూపం క్రిస్టల్ ఫార్మాట్‌లో ఇవ్వండి. ఫిల్టర్‌లో బిట్వీన్ 1 అక్టోబర్, 31 అక్టోబర్ అని ఉంటే 31న అర్ధరాత్రి 00:00 తర్వాత కొట్టిన బిల్లులన్నీ పోతాయి. 1 అక్టోబర్‌కి సమానం లేదా ఎక్కువ, 1 నవంబర్ కన్నా తక్కువ అని రాయండి.

ఐటమ్‌వారీ గ్రూప్‌లో 1 కిలో, 100 గ్రా, 250 గ్రా, 50 గ్రా అని వస్తుంటే అదీ టెక్స్ట్ బాధే. మాస్టర్‌లో గ్రాముల్లో ఒక సంఖ్య కాలమ్ పెట్టుకుంటే 50, 100, 250, 1000 అని కుదురుతుంది. పేర్లు తెలుగులో ఉండి కొలేషన్ (అక్షరాలను పోల్చే పద్ధతి) బైనరీ అయితే యూనికోడ్ క్రమంలో వస్తాయి. అందులో ఱ ర పక్కన, ళ ల పక్కన ఉంటాయి. మనం చదువుకున్న వర్ణమాలలో అవి చివర్లో కదా. కొట్లో అరల వరుస ప్రకారం ఒక క్రమసంఖ్య ఇచ్చుకోవడమే నాకు నచ్చిన దారి. స్టాక్ లెక్కపెట్టేటప్పుడు కూడా అదే పనికొస్తుంది.

—

పటమట_కౌంటర్

అందరికీ చాలా థాంక్సండీ. ఒక్కో జాయిన్ కలుపుతూ చూస్తే సరిగ్గా 1, 3, 3, 5, 10 వచ్చింది. బిల్ లైన్లలో రేటు కాలమ్ ఉంది, ట్యాక్స్ టేబుల్ తీసేశాను. పేమెంట్లు బిల్లుకి ఒక వరుస చేసి లెఫ్ట్ జాయిన్ పెట్టాను, మీరన్నట్టే ఖాతా బిల్లులు ఇప్పుడే కనిపిస్తున్నాయి. క్రమం కుదిరింది. విజయవాడ అక్టోబర్ మొత్తం డే క్లోజ్‌తో పైసాతో సహా కలిసింది.

గుంటూరు మాత్రం 11 బిల్లులు ఎక్కువ చూపిస్తోంది. అన్నీ అక్టోబర్ 28, 29 తేదీలవి, అన్నీ రెండో కౌంటర్‌వి. వాటికి ఐటమ్ లైన్లు కూడా రెండేసి సార్లు ఉన్నాయి, కానీ బిల్ ఐడీలు వేరు. ఆ రెండు రోజులూ మొంథా తుఫాను వల్ల నెట్ వచ్చిపోతూ ఉంది.

—

కృష్ణలంక_డీబీ

ఇది జాయిన్ వల్ల వచ్చింది కాదండీ. టేబుల్లోనే రెండు కాపీలు ఉన్నాయి, వ్యూని ఎంత మార్చినా పోవు. కౌంటర్ ఆఫ్‌లైన్‌లో కొట్టిన బిల్లుని సర్వర్‌కి పంపింది, సర్వర్ రాసుకుంది, అందింది అనే జవాబు తిరిగి వచ్చేలోపు నెట్ పోయింది. కౌంటర్ అది వెళ్లలేదనుకుని మళ్లీ పంపింది. సర్వర్ కొత్త బిల్ ఐడీ ఇచ్చి మళ్లీ రాసుకుంది. డే క్లోజ్ కౌంటర్‌లోని లోకల్ డేటా నుంచి వస్తుంది కాబట్టి అది సరిగ్గా ఉంది.

మొత్తం ఎన్ని ఉన్నాయో తీయడానికి హెడర్‌ని షాపు, కౌంటర్, ఆర్థిక సంవత్సరం, బిల్ నంబర్ మీద గ్రూప్ బై చేసి హావింగ్ కౌంట్ 1 కన్నా ఎక్కువ అని పెట్టండి. తేదీ ఫిల్టర్ లేకుండా. ఈ 11 మాత్రమేనా, పాత నెలల్లోనూ ఉన్నాయా అనేది ముందు తేలాలి.

వెంటనే డిలీట్ చెయ్యకండి. ముందు బ్యాకప్. తర్వాత ప్రతి జంటలోనూ లైన్ల సంఖ్య, మొత్తం, పేమెంట్ మొత్తం పోల్చండి. కొన్నిసార్లు మొదటి కాపీ సగంలో ఆగిపోయి హెడర్ ఉండి లైన్లు తక్కువ ఉంటాయి, అప్పుడు ఉంచాల్సింది రెండోదాన్ని. రెండూ పూర్తిగా ఉంటే చిన్న ఐడీని ఉంచండి. ఆ ఐడీ మీద వాపసు గానీ అరువు వసూలు గానీ తర్వాత నమోదైందేమో కూడా చూడాలి; నమోదైతే ఆ కాపీనే ఉంచాలి.

అక్కర్లేని కాపీకి హెడర్‌లో డూప్లికేట్ అనే ఒక బిట్ కాలమ్ కలిపి 1 పెట్టండి, రిపోర్టులన్నీ 0 ఉన్నవాటినే తీసుకోవాలి. కాలమ్‌కి నాట్ నల్, డిఫాల్ట్ 0 ఇవ్వండి. ఈ రెండూ లేకపోతే కొత్త బిల్లులు నల్‌తో పడి రిపోర్ట్‌లోంచి మాయమవుతాయి. స్టాక్ మర్చిపోవద్దు: ఆ 11 బిల్లుల సరుకు రెండుసార్లు తగ్గి ఉంటుంది, స్టాక్ సర్దుబాటు ఎంట్రీ వేసి వెనక్కి కలపండి. ఖాతా బిల్లులుంటే కస్టమర్ బాకీ కూడా రెట్టింపై ఉంటుంది. అదే ముందు సరిచెయ్యండి, బాకీ ఎక్కువ చూపిస్తే కొట్టు మీద నమ్మకం పోతుంది.

—

అరండల్‌పేట_రిపోర్ట్స్

మళ్లీ రాకుండా ఉండాలంటే హెడర్ మీద షాపు, కౌంటర్, ఆర్థిక సంవత్సరం, బిల్ నంబర్ నాలుగూ కలిపి యూనిక్ ఇండెక్స్ (అదే కలయిక రెండోసారి పడకుండా అడ్డుకునేది) పెట్టాలి. ఇప్పుడు నేరుగా పెట్టబోతే పాత కాపీలు ఉన్నాయని 1505 ఎర్రర్‌తో ఆగిపోతుంది. కృష్ణలంక గారు చెప్పిన డూప్లికేట్ కాలమ్ పెట్టాక, అది 0 ఉన్న వరుసలకే వర్తించేలా ఫిల్టర్డ్ యూనిక్ ఇండెక్స్ చేయండి. పాతవాటిని చెరపకుండానే ఇండెక్స్ నిలబడుతుంది.

కానీ రెండు విషయాలు ముందే చూసుకోవాలి. ఒకటి, టేబుల్ మీద ఫిల్టర్డ్ ఇండెక్స్ ఉంటే రాసే ప్రోగ్రామ్ కనెక్షన్‌లో కోటెడ్ ఐడెంటిఫయర్ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉండాలి. పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు కొన్ని దాన్ని ఆఫ్‌లో పెట్టుకుని కనెక్ట్ అవుతాయి, అప్పుడు ప్రతి కొత్త బిల్లూ 1934 ఎర్రర్‌తో పడకుండా ఆగిపోతుంది. సాయంత్రం రద్దీలో రెండు షాపుల కౌంటర్లూ ఒకేసారి నిలిచిపోయినట్టు ఊహించుకోండి. అసలు డేటాబేస్ మీద ముట్టుకోకుండా, బ్యాకప్‌ని ఇంకో పేరుతో రీస్టోర్ చేసి, ఒక కౌంటర్‌ని దానికి కలిపి బిల్లు, వాపసు, అరువు వసూలు మూడూ చేసి చూడండి.

రెండోది, ఇండెక్స్ అడ్డుకున్నప్పుడు సింక్ ప్రోగ్రామ్‌కి (కౌంటర్ బిల్లులను సర్వర్‌కి పంపేదానికి) 2601 ఎర్రర్ వెళ్తుంది. దాన్ని బిల్లు అప్పటికే చేరిందని అర్థం చేసుకుని తన క్యూలోంచి తీసెయ్యాలి. అలా రాసి లేకపోతే అదే బిల్లుని పదేపదే పంపుతూ వెనకున్న బిల్లులన్నిటినీ ఆపేస్తుంది. ఈ రెండూ సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్లని రాతపూర్వకంగా అడిగి, వాళ్లు సరేనన్నాకే పెట్టండి.

అప్పటిదాకా హావింగ్ కౌంట్ క్వెరీని రోజూ రాత్రి డే క్లోజ్ తర్వాత నడపండి. ఎక్స్‌ప్రెస్‌లో ఎస్‌క్యూఎల్ ఏజెంట్ (టైమ్ ప్రకారం పనులు నడిపేది) ఉండదు, కాబట్టి విండోస్ టాస్క్ షెడ్యూలర్ నుంచి ఎస్‌క్యూఎల్‌సీఎండీ అనే కమాండ్ టూల్‌తో పెట్టుకోవాలి. ఫైలు ఖాళీగా వస్తే ఆ రోజుకి పని లేదు.

—

పటమట_కౌంటర్

తేదీ ఫిల్టర్ లేకుండా తీశానండీ: అక్టోబర్‌లోని 11, జూలైలో ఇంకో 2. 13 జంటల్లో ఒకదానికి మొదటి కాపీలో లైన్లు తక్కువున్నాయి, దానికి రెండోది ఉంచాను. ఖాతా బిల్లులు రెండున్నాయి, ఆ బాకీలు సరిచేశాను. స్టాక్ సర్దుబాటు రేపు ఉదయం కొట్టు తెరవకముందు వేస్తాను. ఇండెక్స్ సంగతి సాఫ్ట్‌వేర్ వాళ్లకి మెయిల్ పెట్టాను, జవాబు రాగానే ఇక్కడ రాస్తాను.